పని ఒప్పుకునే రోజే డబ్బు తేదీ కూడా తేల్చుకోవాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఈ మధ్య మీ ఆదివారం సంచికలో ఉద్యోగాలు వదిలేసి తమకు నచ్చిన పనిలోకి వెళ్లినవాళ్ల గురించి వరసగా వ్యాసాలు వస్తున్నాయి. ఒక్కటీ వదలకుండా చదివాను. వాళ్లు పడ్డ కష్టం మీద నాకు గౌరవం ఉంది. నేనూ అలా దారి మారినదాన్నే. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి పుస్తకాలకు పేజీ లేఅవుట్ చేస్తున్నాను. అందుకే ఆ వ్యాసాల్లో ఎక్కడా కనిపించని ఒక సంగతి మీ ముందు పెట్టాలనిపించింది. జీతం ఆగిపోయాక, చేసిన పనికి డబ్బు ఏ తేదీన చేతికొచ్చింది? ఈ ప్రశ్న మీవాళ్లు ఒక్కరినీ అడిగినట్టు లేదు.

'ధైర్యం చేశాను', 'మనసు చెప్పింది విన్నాను' అనే మాటలు ఆ వ్యాసాల్లో చాలాసార్లు వచ్చాయి. చదివినవాళ్లకు ధైర్యం ఒక్కటుంటే చాలన్న నమ్మకం కలుగుతుంది. ఫ్రీలాన్స్‌లోకి, అంటే జీతం లేకుండా సొంతంగా పనులు ఒప్పుకుని చేసే దారిలోకి వచ్చి నిలబడలేక మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నవాళ్లు నాకు కొందరు తెలుసు. వాళ్లలో చాలామందికి పని వచ్చింది. బాగానే చేశారు, మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి. డబ్బు సమయానికి రాలేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు తేదీలు ఆగవు కదా! వాళ్లకు ధైర్యం తక్కువైందని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది.

నేను పనిచేసింది బిల్లుల సెక్షన్‌లో. బయటివాళ్లు కంపెనీకి పంపే బిల్లులన్నీ మా దగ్గరికే వచ్చేవి. ముడిసరుకు, లారీ కిరాయిలు, యంత్రాల మరమ్మతులు లాంటి పెద్ద బిల్లులతో పాటు బ్రోచర్ డిజైన్ చేసినవాళ్లవి, ఫొటోలు తీసినవాళ్లవి, అనువాదం చేసినవాళ్లవి కూడా ఉండేవి. డబ్బు ఆలస్యమైతే కంపెనీ కావాలనే తొక్కిపెట్టిందని బయటివాళ్లు అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. నేను చూసినంతలో మాత్రం చాలాసార్లు బిల్లు ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఆగిందన్న సంగతి లోపల ఎవరికీ పట్టదు, బయటివాళ్లకు ఎవరూ చెప్పరు.

అది ఎలా ఆగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫ్రీలాన్స్‌లోకి రావాలనుకునేవాళ్లు ఇది తెలుసుకోకుండా వస్తున్నారు. ఒక మేనేజర్‌కు అర్జెంటుగా డిజైన్ కావాలి. తెలిసినవాళ్లకు ఫోన్ చేసి చెబుతారు. పని మొదలవుతుంది, పూర్తవుతుంది, అందరికీ నచ్చుతుంది. అప్పుడు బిల్లు వస్తుంది. బిల్లు సిస్టంలో ఎక్కాలంటే దానికి ముందే పర్చేజ్ ఆర్డర్ (పీవో), అంటే ఈ పని ఫలానావాళ్లకు ఇస్తున్నామని కంపెనీ రాసిచ్చే కాగితం ఉండాలి. పని ఫోన్‌లో చెప్పారు కాబట్టి పీవో లేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి పీవో చేయించాలి, దానికి ఇద్దరు ముగ్గురు అప్రూవ్ చేయాలి. వాళ్లలో ఒకరు సెలవులో ఉంటారు. పీవో వచ్చాక వెండర్ కోడ్, అంటే కంపెనీ సిస్టంలో ఆ మనిషి పేరున ఒక నంబరు కావాలి. కోడ్ కోసం పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు అడుగుతారు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరంగా ఉంటే మళ్లీ ఒక మెయిల్, దానికి జవాబు, ఆ జవాబు చూడడానికి మరో నాలుగు రోజులు. ఇవన్నీ కుదిరాక కూడా, డబ్బు పంపేది నెలకు రెండు విడతల్లోనే. ఆ తేదీకి ముందే బిల్లు ఎక్కకపోతే తర్వాతి విడతకు పోతుంది. మార్చి నెలాఖరైతే లెక్కలు ముగించే హడావుడిలో కొత్త బిల్లు ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు.

గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది మరో చిక్కు. బిల్లు కింద '30 రోజుల్లో చెల్లించాలి' అని రాసి ఉంటుంది. పంపినవాళ్లు బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టుకుంటారు. కంపెనీలో చాలాచోట్ల బిల్లు సిస్టంలో ఎక్కిన తేదీ నుంచి లెక్కపెడతారు. పైన చెప్పిన ప్రయాణమంతా అయ్యాకే కదా అది ఎక్కేది? అంటే ఆ 30 రోజులు మొదలవడానికే నెల పైన పట్టవచ్చు. పెద్ద సప్లయర్లకు రోజూ ఫోన్ చేసి అడగడానికే ఒక మనిషి ఉంటాడు. తమ బిల్లు ఏ మెట్టు మీద ఉందో, ఇవాళ ఎవరి టేబుల్ మీదికి వచ్చిందో అతనికి మాకంటే ముందే తెలిసేది. ఒంటరిగా పనిచేసే డిజైనర్‌కు ఆ మనిషి ఉండడు. పనీ తనే చేయాలి, ఫాలో అప్పూ తనే చేయాలి. అడిగితే విసుక్కుంటారేమో, తర్వాతి పని ఇవ్వరేమో అన్న టెన్షన్ కూడా తనే మోయాలి.

అందుకని ఇప్పుడు నేను పని ఒప్పుకునేటప్పుడే ఫలానా తేదీకి ఫైలు ఇస్తాననే మాటతో పాటు ఇవన్నీ అడిగేస్తాను: పీవో నంబరు ఎప్పుడు ఇస్తారు, బిల్లు ఎవరు అప్రూవ్ చేస్తారు, డబ్బు పంపే విడతలు ఏ తేదీల్లో ఉంటాయి, గడువు ఏ రోజు నుంచి లెక్క. జవాబులు మెయిల్‌లో తీసుకుంటాను. మూడో వంతు అడ్వాన్స్ వచ్చాకే మొదటి ప్రూఫు తీస్తాను. ఇలా అడిగితే పని చేజారిపోతుందని చాలామంది భయపడతారు. నా దగ్గర రెండు మూడు పనులు అలా పోయిన మాట నిజమే. కానీ డబ్బు ఇచ్చే ఉద్దేశం ఉన్న క్లయింట్ ఎవరూ ఈ ప్రశ్నలకు నొచ్చుకోలేదు. 'మా అకౌంట్స్ వాళ్లను అడిగి చెబుతాను మేడమ్' అని, మర్నాటికి చెప్పినవాళ్లే ఎక్కువ. అడ్వాన్స్ మాట ఎత్తగానే గొంతు మారినచోట, చివర్లో పూర్తి డబ్బు వస్తుందని నమ్మడానికి ఆధారం ఏముంది?

పుస్తకాల పేజీల మీదికి మనసు ఎలా మళ్లిందో కూడా చెప్పాలి. కంపెనీ వార్షిక నివేదిక ప్రెస్‌కు వెళ్లేటప్పుడు అంకెలు సరిచూసే పని ఏటా నాదే. ప్రెస్‌లో ఆపరేటర్ పక్కన కూర్చుని, ఒక్క అంకె మారితే పట్టిక మొత్తం ఎలా సర్దుకోవాలో చూస్తూ చూస్తూ ఆ పని మీద ఇష్టం పెరిగింది. సాయంత్రాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. తెలుగు పేజీ కూర్చడం ఇంగ్లీషు పేజీలా ఉండదు. మన అక్షరాలకు కింద ఒత్తులు దిగుతాయి, పైన గుడులు లేస్తాయి. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే వరుసల ఎడం తెలుగుకు పెడితే, పై వరుసలోని ఒత్తు వచ్చి కింది వరుసలోని గుడిని తాకుతుంది. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలు ఒకదాని కింద ఒకటి పడ్డచోట చూడండి, తెలుస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్ అని ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని వరల్డ్-రెడీకి మార్చకపోతే యూనికోడ్ తెలుగులో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా విడిపోయి పక్కన పడతాయి. ఇది తెలియక, ఫాంటే బాగాలేదని ఫాంట్లు మార్చుకుంటూ పోయేవాళ్లు ఎందరో! ఇలాంటివి ఒక్కొక్కటే పట్టుబడుతుంటే కలిగే సంతోషం నాకు అంతకుముందు ఏ పనిలోనూ కలగలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నేను డబ్బు గురించి ఇంతగా రాస్తున్నది పని మీద ప్రేమ లేక కాదు. ఈ పనిలోనే ఉండిపోవాలని నాకు గట్టిగా ఉంది కాబట్టి.

నేను ఉద్యోగం ఒక్కసారిగా వదల్లేదు. ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదివాను. ఉద్యోగంలో ఉండగా బయట పని చేయకూడదనే షరతు చాలా కంపెనీల లెటర్లలో ఉంటుంది, మాదాంట్లోనూ ఉంది. మా హెచ్‌ఆర్‌కు అర్జీ పెట్టి, సెలవు రోజుల్లో పుస్తకాల పని చేసుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. కంపెనీ వ్యాపారంతో సంబంధం లేని పని కాబట్టి ఇచ్చారు. అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పని అప్పగించిన తేదీ ఒక గడిలో, డబ్బు ఖాతాలో పడ్డ తేదీ పక్క గడిలో. ఈ పని నాకు నచ్చుతుందా లేదా అని తెలుసుకోవడానికి ఒక్క పుస్తకం చాలు. దీని మీద ఇల్లు గడుస్తుందా అని తెలుసుకోవాలంటే మాత్రం వేర్వేరు క్లయింట్ల దగ్గర ఆ రెండు గడుల మధ్య ఎన్ని రోజులు పడుతున్నాయో చూడాలి. ఒక ప్రచురణకర్త వారంలో ఇచ్చేశారు. ఒక సంస్థ నుంచి అయిదు నెలల తర్వాత వచ్చింది, అదీ టీడీఎస్ అని ముందే పన్ను కోసుకుని. ఎంత డబ్బు చేతిలో ఉంచుకుని ఉద్యోగం మానాలన్న ప్రశ్నకు చాలామంది 'ఆరు నెలల ఖర్చు' అని గుడ్డిగా చెబుతారు. నా ఉద్దేశంలో ఆ అంకె ఈ నోట్‌బుక్‌లోంచి రావాలి. డబ్బు రావడానికి నాలుగైదు నెలలు పట్టే రంగంలో ఆరు నెలల నిల్వ అంటే ఊపిరి పీల్చుకోవడానికి మిగిలేది ఒకటి రెండు నెలలే.

రేటు దగ్గర కూడా లెక్క తప్పుతారు. నెల జీతాన్ని ముప్పైతో భాగించి, 'రోజుకు ఇంత వస్తే చాలు' అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు, వారానికి అయిదు రోజుల చొప్పున 260 పని దినాలు. పండగలు, జ్వరాలు, పెళ్లిళ్లు, కరెంటు లేని రోజులు కలిపి 30 తీసేయండి, 230. అందులో కనీసం పావు వంతు కొటేషన్లు రాయడానికి, ఫోన్లకు, బిల్లుల వెంట తిరగడానికి, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి పోతుంది. వాటికి ఎవరూ డబ్బివ్వరు. మిగిలేవి సుమారు 170 రోజులు. ఏడాది జీతాన్ని ఈ 170తో భాగించాలి. అదీ ఒట్టి జీతం కాదు, కంపెనీ మన పేరున కట్టే పీఎఫ్ వాటా, ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలపాలి. అప్పుడు వచ్చే అంకె మొదటి లెక్కలో వచ్చినదానికి రెట్టింపు దాటుతుంది. ఆ రేటు ఎవరూ ఇవ్వరనిపిస్తే, ఆ సంగతి ఉద్యోగంలో ఉండగానే తెలియడం మంచిది కదా!

ఒప్పందంలో రాసుకోవాల్సినవాటిలో అందరూ వదిలేసేది దిద్దుబాట్ల సంగతి. పుస్తకం పేజీలన్నీ సర్దడం పూర్తయ్యాక రచయిత ఫోన్ చేస్తారు. 'మేడమ్, మూడో అధ్యాయంలో ఒక్క చిన్న పేరా చేర్చాలి, అయిదు నిమిషాల పని.' ఆయన దృష్టిలో అది అయిదు నిమిషాలే. ఆ పేరా చేరగానే అక్కడి నుంచి పేజీలు జరుగుతాయి. ఒక అధ్యాయం చివరి వరుస ఒంటరిగా తర్వాతి పేజీ మీదికి ఎక్కుతుంది. బొమ్మ కింద ఉండాల్సిన వివరం వెనక పేజీకి పోతుంది. విషయసూచికలో పేజీ నంబర్లు మారతాయి, చివర పదసూచి ఉంటే అందులోనూ మారతాయి. పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది కాబట్టి, ఒక్క పేజీ పెరిగినా ఇంకో ఫారం పడుతుందేమో చూసుకుని ఎక్కడో ఒకచోట తగ్గించాలి. అంతా మళ్లీ మొదటి నుంచి చదువుకుంటూ రావాలి, రెండు రోజులు. రెండు విడతల దిద్దుబాట్లు మొత్తం డబ్బులోనే, ఆ తర్వాత చేసేవాటికి పేజీకి ఇంత అని ముందే రాసుకుంటే ఆ పేరా నిజంగా అవసరమా అని రచయిత కూడా ఆలోచిస్తారు. రాసుకోకపోతే చివరి ఫైలు ఎప్పటికీ చివరిది కాదు. చివరి ఫైలు ఇవ్వందే బిల్లు పంపలేం.

ఇప్పుడు చట్టం సంగతి. మన దేశంలో 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం పెద్ద ఫ్యాక్టరీల పక్కన ఉండే చిన్న యూనిట్ల కోసమేనని చాలామంది అనుకుంటారు. సేవలు అందించే ఒంటరి మనిషి కూడా కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. పని మొదలుపెట్టక ముందే నమోదు చేసుకుని, ఆ నంబరు బిల్లు మీద వేయడం మంచిది. చట్టం చెప్పేది ఇదీ: రాతపూర్వక ఒప్పందం లేకపోతే పని స్వీకరించిన నాటి నుంచి 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే స్వీకరించినట్టు లెక్క. 'ఇంకా చూడలేదండీ' అంటూ నెలలు గడపడం కుదరదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదు చేయడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. దీనికి తోడు 2024–25 మదింపు సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో ఇంకో నిబంధన చేరింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు ఈ గడువులోపు ఇవ్వకపోతే, కంపెనీ దాన్ని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలదు. అకౌంట్స్ సెక్షన్లలో ఈ ఒక్క నిబంధన తెచ్చిన కదలిక నేను కళ్లారా చూశాను. ఉద్యమ్ నంబరున్న బిల్లులను విడిగా తీసి పెట్టడం అప్పుడే మొదలైంది.

ఇతర దేశాల్లోనూ ఈ బాధ ఉన్నట్టే ఉంది, లేకపోతే చట్టాలు ఎందుకు చేస్తారు? న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ప్రత్యేకంగా ఫ్రీలాన్సర్ల కోసమే ఒక చట్టం అమల్లో ఉంది. 800 డాలర్లు, ఆపైన విలువైన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఒప్పందంలో తేదీ లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. బ్రిటన్‌లో ఆలస్యానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద మరో 8 శాతం వడ్డీ అడిగే హక్కు 1998 చట్టం నుంచి ఉంది. న్యూయార్క్ చట్టంలో నాకు నచ్చింది ఒప్పందం రాయించే బాధ్యత పని ఇచ్చేవాళ్ల మీద పెట్టడం. మన దగ్గర వడ్డీ నిబంధన గట్టిదే, కానీ దాన్ని వాడుకోవాలంటే పని చేసినవాళ్లే క్లయింట్ మీద ఫిర్యాదుకు వెళ్లాలి. ఒకరిద్దరు క్లయింట్ల మీద బతికే మనిషి ఆ పని ఎలా చేస్తుంది? అందుకే పీవో లేకుండా, కాగితం లేకుండా పని అప్పగించకూడదన్న నిబంధన మన దగ్గరా రావాలని నా కోరిక.

ఉద్యోగం మానే ముందు చూసుకోవాల్సిన చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా మనం మానేయడంతోనే ఆగిపోతుంది. సొంతంగా తీసుకునే పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండవచ్చు. బీపీ, షుగర్ ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు, కాబట్టి ఉద్యోగం ఉండగానే సొంత పాలసీ మొదలుపెట్టాలి. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండడానికి కొద్ది నెలలే ఉంటే ఆగడం మంచిది. జీతంలోంచి పన్ను దానంతటదే పోయే అలవాటున్నవాళ్లు జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల 15వ తేదీలు గుర్తుపెట్టుకోవాలి. ముందస్తు పన్ను వాయిదాలు అప్పుడే కట్టాలి.

మా పాత ఆఫీసులో నాకంటే బాగా చిన్నమ్మాయి ఒకతె ఈ మధ్య ఫోన్ చేసింది. 'అక్కా, నేనూ మానేసి బొమ్మలు వేసుకుంటాను, నువ్వు చేశావుగా' అంది. బొమ్మలు బాగా వేస్తుంది, అందులో సందేహం లేదు. తండ్రికి డయాలసిస్ నడుస్తోంది, ఇంట్లో జీతం తనొక్కదానిదే. నా విషయంలో అలా కాదు. నెలనెలా మా ఆయన జీతం వస్తుండేది. నా బిల్లు అయిదు నెలలు ఆగినప్పుడు ఇల్లు ఆగలేదంటే కారణం అదే, నా ధైర్యం కాదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. 'ఇప్పుడు వద్దమ్మా. కంపెనీలోనే డిజైన్ టీంలోకి మార్చమని అడుగు. శని, ఆదివారాల్లో ఒకటి రెండు పుస్తకాలకు బొమ్మలు వెయ్యి, కాకపోతే ముందు హెచ్‌ఆర్ దగ్గర అనుమతి తీసుకో. తేదీలు రాసి పెట్టుకో. ఏడాది తర్వాత ఆ తేదీలు చూసి ఇద్దరం మాట్లాడుకుందాం' అన్నాను. కాస్త చిన్నబుచ్చుకుంది. నాకూ మనసు చివుక్కుమంది. కానీ ఆమెకు మీ ఆదివారం సంచిక ఇస్తున్న ధైర్యం కంటే నేను చెప్పిందే ఇప్పుడు అవసరమని గట్టిగా నమ్ముతున్నాను.

సంపాదకులకు నా మనవి ఇది. ఉద్యోగం వదిలి సొంత దారి పట్టినవాళ్ల గురించి ఇకముందు రాసినప్పుడు, మొదటి డబ్బు ఎన్ని నెలలకు వచ్చిందో, అప్పటిదాకా ఇల్లు ఎవరి ఆదాయంతో నడిచిందో కూడా అడిగి రాయించండి. నిలబడలేక వెనక్కి వెళ్లినవాళ్లను కూడా కలవండి. వాళ్లు చెప్పేది దారి మారాలనుకునే పాఠకులకు ఎక్కువ పనికొస్తుంది. 2006 చట్టం గురించి, ఉద్యమ్ నమోదు గురించి, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు అర్జీ ఎలా పెట్టాలో ఒక అకౌంటెంట్ చేత వివరంగా రాయించి వేయండి.

ఇంకొక్క మాట చనువుగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. బొమ్మలు వేసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, కథలూ వ్యాసాలూ రాసేవాళ్లు పత్రికలకు చాలామంది ఫ్రీలాన్స్‌గానే పనిచేస్తారు. రచనలు పంపమని మీరు వేసే ప్రకటనలో ఎన్ని పదాలు ఉండాలో, ఏ తేదీలోపు పంపాలో ఉంటుంది. పారితోషికం ఎంత, అచ్చయిన ఎన్ని రోజుల్లో ఖాతాలో పడుతుంది అన్న ఒక్క వాక్యం కూడా దాని పక్కన చేర్చండి. ఒక పెద్ద దినపత్రిక ఆ తేదీ అచ్చువేసి దానికి కట్టుబడితే, మిగతా పత్రికలనూ ప్రచురణ సంస్థలనూ అదే అడగడానికి మాలాంటివాళ్లకు నోరు లేస్తుంది.

ఇట్లు,
భవదీయురాలు,
పేరు ప్రచురించవద్దని కోరుతున్న ఒక పాఠకురాలు